మేడమ్ చూపించిన చెలమ

రేపల్లెలో మా ఇంటికి తూర్పున రొయ్యల చెరువులున్నాయి. పంట ఎత్తేసి, అడుగు ఎండబెట్టి, మళ్ళీ నీళ్ళు పెట్టిన తర్వాత, కొత్త రొయ్య పిల్లను వదిలే ముందు ఆ నీళ్ళలో పీత గానీ నత్త గానీ పురుగు గానీ మిగలకుండా మందు వేస్తారు. ఆ రోజు గాలి ఇటు తిరిగితే మా వంటింట్లోకి ఒక వాసన వస్తుంది. మరీ ఘాటుగా ఉండదు. కాస్త కుళ్ళిన వెల్లుల్లి, కాస్త కిరసనాయిలు కలిసినట్టు ఉంటుంది. మా ఆయన కిటికీ మూసేసి పేపరు చదువుకుంటారు.  నేను మాత్రం వెళ్ళి తాగే నీళ్ళ బిందె మీద మూత ఉందో లేదో చూసుకుంటాను. ఉంటుంది. అయినా తీసి లోపలికి చూస్తాను. ఎందుకు చూస్తున్నానో ఆయనకు తెలుసు కాబట్టి ఏమీ అనరు. మొన్న ఆదివారం కూడా ఇదే జరిగింది. ఆ మధ్యాహ్నమంతా సీతారత్నం మేడమ్ నన్ను వదల్లేదు.

మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. బాపట్లలో ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఇల్లు తెనాలి. పొద్దున పాసింజరెక్కి వచ్చి, సాయంత్రం పాసింజరెక్కి వెళ్ళేవారు. పొట్టి మనిషి. నేత చీర, ఒక చేతిలో టిఫిన్ క్యారేజీ, భుజాన వేలాడే సంచీలో పిండి జల్లెడ. ఆ జల్లెడ చూసి బండిలో ఆడవాళ్ళు, "ఏంటండీ, కాలేజీలో జంతికలు చేస్తారా?" అని అడిగేవారట. "లేదండి, పురుగుల్ని జల్లిస్తాను" అనగానే పక్క సీటు ఖాళీ అయ్యేదని, తెనాలి నుంచి బాపట్ల దాకా కాళ్ళు చాపుకుని వచ్చేదాన్నని ఆవిడే నవ్వుతూ చెప్పేవారు. నేను ఆవిడ దగ్గర పరిశోధనకు చేరాను. పుట్టుపిరికిదాన్ని. బల్లిని చూస్తే మంచం ఎక్కే రకం. అలాంటిదాన్ని జంతుశాస్త్రంలో ఎందుకు చేరావని మా అమ్మ కూడా అడిగేది.

ఆవిడ పరిశోధనంతా ఏడాది పొడుగునా పారని వాగుల గురించి. వానాకాలంలో ఒడ్డులొరుసుకుని పారి, సంక్రాంతి దాటాక సన్నబడి, మడుగులు మడుగులుగా తెగిపోయి, ఎండాకాలానికి ఇసుకా నెర్రెలూ మిగిలే వాగులు. అలాంటివాటిని జనం వాగుల కింద లెక్కెయ్యరు. చెత్త పోస్తారు, మట్టి తవ్వుకుపోతారు. అయితే ఆ ఎండిన అడుగులో వెన్నెముక లేని చిన్న ప్రాణులు బతుకుతాయి. నత్తలు తమ తలుపు తాము మూసుకుని మట్టిలో పడుంటాయి. పీతలు తడి తగిలేదాకా బొరియ తవ్వుకుంటూ కిందికి పోతాయి. కొన్నిటి గుడ్లు దుమ్ములో దుమ్ముగా కలిసి, మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా ఆగుతాయి. తూనీగలు నీళ్ళలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు చివరి మడుగుల్లో కిక్కిరిసి ఉంటాయి. నీళ్ళు తిరిగి రాగానే వాగుకు ప్రాణం పోసేవి ఇవే. ఈ సంగతి ఏ వాగులో ఎలా జరుగుతోందో చూడడం ఆవిడ పని.

మొదటి రోజు నన్ను ఎండిన వాగులోకి దింపారు. బాపట్లకు దగ్గరే, సముద్రంలో కలవబోయే ముందు ఇసుక దిబ్బల మధ్య మెలికలు తిరిగే చోటు. ఎండ మాడ్చేస్తోంది. నాకేమీ కనిపించలేదు.

"ఇక్కడేముందండి? ఎండిపోయింది కదా."

"నువ్వు మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటే, ఇంట్లో ఎవరూ లేరని ఇల్లు పడగొట్టేస్తారా ఏంటి? కూర్చో. తవ్వు."

తవ్వాను. మోచేతి లోతున ఒక నత్త దొరికింది. మూతి మీద గట్టి మూత బిగించుకుని, గులకరాయిలా ఉంది. మేడమ్ దాన్ని పళ్ళెంలో పెట్టి నీళ్ళు పోసి, క్యారేజీ విప్పి నాకింత పులిహోర పెట్టారు. మేం తింటూండగా ఆ మూత కదిలింది. మెల్లగా ఒక సందు తెరుచుకుని, అందులోంచి మెత్తగా ఏదో బయటికి సాగింది. నేను పులిహోర ఇసుకలో పారేసి లేచి నిలబడ్డాను. మేడమ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆ నత్తను తీసి నా అరచేతిలో పెట్టి, అది నడిచేదాకా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అయితే ఆవిడకు కూడా ఒక భయం ఉంది. జనమంటే భయం. క్లాసులో పాఠం చెప్పడం వేరు, బయట మనుషుల ముందు మాట్లాడడం వేరు. తెనాలిలో ఒకసారి గ్రంథాలయంలో వాగుల గురించి మాట్లాడమని పిలిచారు. సెలవులకు రేపల్లెలో మా అమ్మ దగ్గరున్న నేను అక్కడి నుంచి పొద్దున బండికే వెళ్ళాను. వాళ్ళింట్లో మేడమ్ కుర్చీ చివర కూర్చుని ఉన్నారు. అన్నం తినలేదు, మజ్జిగ మాత్రం పుచ్చుకున్నారు. చీర మడతలు సర్దబోయి నా చెయ్యి తగిలితే, ఆవిడ చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి.

"అంత భయమైతే ఎందుకండి ఒప్పుకోవడం?" అన్నాను.

"మా ఊరివాళ్ళు నాటకాలు చూసి ముదిరినవాళ్ళే. మాట తేలిపోతే ముందు వరసే లేచి టీకి వెళ్ళిపోతుంది. భయం వెయ్యక ఏం చేస్తుంది?" అని, "మనం రాసే వ్యాసాలు ఇంగ్లీషులో పదిమంది చదువుతారు. ఆ పదిమందిలో వాగు ఒడ్డున బతికేవాడు ఒక్కడూ లేడు. వాళ్ళ వాగులోంచి తెచ్చుకుని, వాళ్ళకి చెప్పకుండా మనం పేరు సంపాదించుకోవడం ఏం మర్యాద?" అన్నారు.

ఆ రోజు బాగా మాట్లాడారు. ముందు వరస కదల్లేదు. బయటికొచ్చాక మెట్ల పక్కన వాంతి చేసుకున్నారు. నేను నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఇంత చిన్న మనిషి ఇంత భయాన్ని మోసుకుంటూ ఊరూరా ఎందుకు తిరుగుతుందా అని నాకు జాలీ, కొంచెం చిరాకూ కూడా కలిగాయి.

మేం మట్టి తవ్వే చోటికి దగ్గరలోనే ఒక పల్లె ఉంది. సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబాలు. ఆ ఊళ్ళో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. ఎండాకాలమంతా తాగడానికి వాళ్ళకు వాగు అడుగే దిక్కు. ఇసుకలో గుంట తవ్వుతారు, అందులోకి తియ్యటి నీళ్ళు ఊరతాయి. దాన్నే చెలమ అంటారు. ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి, చిప్పతో తోడి, బిందె మూతికి నాలుగు మడతల గుడ్డ కట్టి వడపోసుకుని తీసుకెళ్ళేవారు. మా సామాను పెట్టుకునేది వెంకాయమ్మ ఇంట్లో. ఆవిడ చేపల బుట్టతో బాపట్ల వీధులన్నీ తిరిగే మనిషి. కొడుకు శీను వేట మానేసి రొయ్యల చెరువుల మీద పనికి పోయేవాడు. అతని కూతురు భవానికి అప్పుడు ఐదేళ్ళు. నేను జల్లెడ పట్టుకుంటే పక్కన కూర్చుని, "ఇది నాకియ్యి, పెంచుకుంటా" అని ప్రతి పురుగునీ అడిగేది. నాకంటే ఆ పిల్లకే ధైర్యం ఎక్కువ.

వాగులో మట్టి తవ్వకాలు మొదలవుతాయని పుకారు పుట్టిన వేసవిలో, మేడమ్ ఆ ఊరివాళ్ళకు వాగు గురించి చెప్పాలనుకున్నారు. వాళ్ళు తమ వాగును తామే కాపాడుకోవాలని ఆవిడ ఆశ. "వాళ్ళ చెలమలోని ప్రాణుల్నే వాళ్ళకి చూపిద్దాం విజయా. నీళ్ళు బాగుంటేనే అవి బతుకుతాయి. అది చూస్తే వాళ్ళకి గర్వంగా ఉంటుంది" అన్నారు. కళాశాలలో బతిమాలి ప్రొజెక్టరూ, మైక్రోస్కోపుకు తగిలించే కెమెరా తెచ్చాం. సాయంత్రం చేపలు వేలం వేసే షెడ్డులో, సున్నం వేసిన గోడ ముందు ఊరంతా కూర్చుంది. వెంకాయమ్మ తన చెలమలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చిచ్చింది. అందులో నువ్వుగింజంత తూనీగ పిల్ల ఒకటి దొరికింది. మేడమ్ దాన్ని అద్దం కింద పెట్టారు.

గోడ నిండా వచ్చింది అది. గేదె కంటే పెద్దది. ముళ్ళ కాళ్ళు, ఉబ్బిన కళ్ళు. అది ఉన్నట్టుండి కింది దవడను ముందుకు చాచి దేన్నో పట్టుకుని నోట్లోకి లాక్కుంది.  వెనక ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. మేడమ్ సంతోషంగా దాని గురించి చెబుతూనే ఉన్నారు.

వెంకాయమ్మ లేచి నిలబడింది. "ఇయ్యేనా అమ్మా మేం తాగేది?"

"అవునమ్మా, ఇవి ఉంటేనే నీళ్ళు మంచివని అర్థం. మీరు గుడ్డతో వడపోస్తారు కదా, ఇవి కడుపులోకి రావు."

ఆ రెండో మాట ఎవరి చెవినా పడలేదు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. శీను కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. నేను గడియారం చూసి, "మేడమ్, బండికి టైమైందండి" అన్నాను. ఆవిడ, "మళ్ళీ వారం వచ్చి అన్నీ చెబుతానమ్మా, భయపడకండి" అని చేతులు జోడించారు. సామాను సర్దుకుని, ఆటో ఎక్కి స్టేషనుకు వచ్చేశాం. ఆవిడ తెనాలి వెళ్ళిపోయారు. నేను బాపట్లలో నా హాస్టలు గదికి వెళ్ళాను.

మూడో రోజు పొద్దున వెంకాయమ్మ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు హుషారుగా ఉంది.

"అమ్మాయ్, పెద్ద మేడమ్ గారికి చెప్పు. మీరు చూపించిన పురుగులన్నీ చచ్చిపోయినయ్. మా శీనుగాడు చెరువుల మీద వాడే మందు తెచ్చి నిన్న సాయంత్రం అన్ని చెలమల్లోనూ పోశాడు. రొయ్య పిల్లని వదిలే ముందు అట్టాగే చేస్తారంట. పొద్దున్నే ఆ నీళ్ళు తోడేసి, కొత్తగా ఊరినయ్యి పట్టుకున్నాం. ఒక్క పురుగు ఉంటే ఒట్టు. ఇంక భయపడబాకండి."

 "తాగారా అత్తా?" అని అడిగాననుకుంటున్నాను. నిజంగా నోట్లోంచి మాట వచ్చిందో లేదో తెలియదు. అప్పటికే అవతల ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగుతోంది, ఎవరూ తీయడం లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు బయలుదేరి ఉంటుంది. మేడమ్‌కు చేశాను. ఆవిడ రైల్లో ఉన్నారు, నిడుబ్రోలు దాటింది. అంతా చెప్పాను. వినగానే, "స్టేషను ముందు ఆటో పెట్టి ఉంచు. ఆ ఊళ్ళో ఇంకెవరి నంబరైనా ఉంటే చెయ్యి. తాగొద్దను, వండొద్దను" అన్నారు. నా దగ్గర ఇంకెవరి నంబరూ లేదు. అంతకాలం ఆ ఊరికి వెళ్తూ కూడా మేం ఇంకెవరి నంబరూ తీసుకోలేదు.

ఆటోలో మేడమ్ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ముందు కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.  దారిలో స్కూలు బస్సు అడ్డొస్తే డ్రైవరు ఆపాడు. ఆ కాసేపూ నేను ఆ ఊళ్ళో ఒక్కొక్క ఇంట్లో ఎవరెవరున్నారో తలుచుకోవడం మొదలుపెట్టాను. మొదటి మూడిళ్ళు దాటలేకపోయాను. అంత భయం నాకు ముందెప్పుడూ తెలియదు. బల్లీ నత్తా భయాలేమిటి, అవి భయాలే కావు.

ఊళ్ళోకి అడుగుపెడితే అంతా మామూలుగా ఉంది. వల బాగు చేసుకుంటున్నారు. పొయ్యిలు వెలుగుతున్నాయి. ఆ పొగ చూసి మేడమ్ పరుగెత్తారు. నేను ఆవిడ పరుగెత్తడం చూసింది అదొక్కసారే. మొదటి గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, ఆ నీళ్ళు పారబోయండి. తాగకండి, అందులో విషముంది" అని పెద్దగా చెప్పారు. ఆడవాళ్ళు పోగయ్యారు. ఒకావిడ బిందెకు అడ్డంగా నిలబడింది. ఇంటి బిందె మీద పరాయి మనిషి చెయ్యి పడితే ఊరుకునే ఊరు కాదది.

"మొన్నేమో పురుగులున్నయ్యని చూపించి హడలగొట్టారు. ఇయ్యాల పురుగుల్లేవు, తాగొద్దంటారు. మీకు ఏ నీళ్ళు కావాలో సరిగ్గా చెప్పండి ముందు" అంది ఆవిడ.

 అప్పుడే పక్కింట్లోంచి శీను భార్య కేకేసింది. భవాని అరుగు మీద పక్కకు వాలిపోయి ఉంది. నోటివెంట చొంగ కారుతోంది, రెండుసార్లు వాంతి అయిందట. మేడమ్ ఆ పిల్ల కనురెప్ప ఎత్తి చూశారు. నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజంత అయిపోయింది, విషం ఎక్కిన గుర్తది. ఆవిడ శీను వైపు తిరిగారు.

"ఆ మందు డబ్బా ఏది?"

 దిబ్బల్లో పాతేశానని, పోలీసులు వస్తారేమోనని శీను నసిగాడు. "పోలీసులొస్తే, మందు పొయ్యమంది నేనేనని నేను చెబుతాను. డాక్టరుకి ఆ డబ్బా కావాలి శీనూ. పరుగెత్తు" అన్నారు మేడమ్. అతను పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పటికి చేతులు ఇసుకతోనూ మందుతోనూ తడిసి ఉన్నాయి. ముందు సబ్బుతో చేతులు కడిగించి, డబ్బాను కవరులో చుట్టించి, పిల్లనూ శీనునూ నన్నూ ఆటో ఎక్కించారు. "నువ్వు పిల్లని పక్కకి తిప్పి పట్టుకో. పేరు పెట్టి పిలుస్తూ ఉండు" అన్నారు నాతో. తాను ఊళ్ళోనే ఉండిపోయారు. మిగిలిన బిందెలున్నాయి కదా.

ఆ ఆటో ప్రయాణం గురించి నేను ఎక్కువ రాయలేను. భవాని తల నా మోచేతి మీద ఉంది. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. మొదట్లో ఊఁ అంది, తర్వాత అనలేదు. శీను నా ఎదురుగా ముడుచుకుని కూర్చుని, "దానికోసమే పోశానండి, అది తాగే నీళ్ళని పోశానండి" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. ఊరుకోమని అరిచాను. అతను ఊరుకున్నాడు. అప్పుడు పిల్ల ఊపిరి ఎంత గరగరలాడుతోందో వినిపించి, మాట్లాడుతూనే ఉండమని నేనే బతిమాలాను.

ఊళ్ళో ఏం జరిగిందో, బజారు నుంచి తిరిగొచ్చి విన్న వెంకాయమ్మ తర్వాత నాకు చెప్పింది. మేడమ్ ఇక ఎవరితోనూ వాదించలేదట. ఎగువన మందు పడని మడుగు దాకా నడిచి వెళ్ళి, జల్లెడతో చిన్న రొయ్యల్నీ, తూనీగ పిల్లల్నీ పట్టుకొచ్చారట. బిందెకు అడ్డం నిలబడ్డ ఆవిడనే అడిగి, ఆవిడ చేత్తోనే ఒక గిన్నెలో ఆ బిందె నీళ్ళు పోయించి, వాటిని అందులో వదిలారట. వేటా, రొయ్యల చెరువుల పనీ తెలిసిన ఊరది. రొయ్య ఒళ్ళు వంకర తిప్పి, పక్కకు వాలి, కాళ్ళు కొట్టుకుంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. గిన్నెలో కదలిక ఆగిపోకముందే బిందెలు బయటికొచ్చాయట. వండిన అన్నం కూడా పారబోశారు. కోళ్ళు తినకుండా గొయ్యి తీసి కప్పెట్టారు.

పిల్ల బతికింది. వెంటనే తీసుకురావడం వల్లా, డబ్బా చేతిలో ఉండడం వల్లా ఏ మందు ఇవ్వాలో తేలిగ్గా తేలిందని డాక్టరు అన్నారు. సాయంత్రానికి మేడమ్ ఆసుపత్రికి వచ్చారు. చెప్పుల నిండా బురద. వరండాలో బల్ల ఖాళీగా ఉన్నా, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నారు. నేనూ పక్కన కూలబడ్డాను.

"ఏం తప్పు చేశానో తెలిసిందా నీకు?" అన్నారు.

"మరీ పెద్దది చేసి చూపించామండి."

"అదీ తప్పే. అంతకన్నా పెద్దది ఇంకోటుంది. వాళ్ళకి భయం పుట్టించి, మనం బండెక్కి వెళ్ళిపోయాం. ఆ భయంతో వాళ్ళు ఆ రాత్రంతా ఏం చేసుకోవాలి? చేతికి అందింది చేశారు." చెప్పుల బురద గీకుతూ, "చెప్పడం అయిపోయాక, ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చేస్తారని అడగాలి. అడిగి, వాళ్ళు చెప్పేదాకా కూర్చోవాలి. నేనెప్పుడూ అడగలేదు. నా భయమే నాకు పెద్దదైపోయింది, మాట్లాడడం అయిపోతే చాలనుకునేదాన్ని" అన్నారు.  చీర కొంగు వేళ్ళకు చుట్టుకున్నారు.

ఆ ఊరికి మళ్ళీ వెళ్ళొద్దని కళాశాలలో అందరూ చెప్పారు. నేనూ చెప్పాను. ఆవిడ ప్రతి వారం వెళ్ళారు. మొదట్లో ఎవరూ పలకరించలేదు, కుర్చీ వెయ్యలేదు. నీళ్ళ ట్యాంకరు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగి సంపాదించారు. అది వచ్చిన రోజు కూడా ఎవరూ మెచ్చుకోలేదు. ఆవిడ వాగులో చచ్చిన చెలమల దగ్గర కూర్చునేవారు. ఒక్కొక్కరే ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చోవడం మొదలైంది. ఏ పురుగు గురించైనా చెప్పాలంటే ముందు దాన్ని వాళ్ళ గోరు మీద పెట్టేవారు. ఇది ఇంతే, అని చూపించాకే భూతద్దం ఇచ్చేవారు. వానలు పడి వాగు పారాక, నీళ్ళు పరీక్షకు పంపారు. పరీక్ష కాగితం మంచిగానే వచ్చినా, ఊళ్ళో ఆడవాళ్ళు వెంటనే ముట్టుకోలేదు. ఒకనాడు వెంకాయమ్మ ఫోన్ చేసి, "వచ్చినయ్యమ్మా పురుగులు, ఎగువ నించి కొట్టుకొచ్చినయ్. గిన్నెలో పోసి పొద్దున్నించీ చూస్తన్నా, బతికే ఉన్నయ్" అంది. మేడమ్ ఆ మాట విని స్టాఫ్ రూములో అందరి ముందూ ఏడ్చేశారు.

ఇదంతా అయ్యాక ఆవిడకు ధైర్యం వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. భయం ఇంకా పెరిగింది. మాట్లాడడానికి వెళ్ళిన ప్రతిచోటా ఆఖరి మనిషి లేచేదాకా కూర్చునేవారు. తెనాలి బండి ఎన్నిసార్లు తప్పిపోయిందో. బాపట్ల స్టేషనులో బల్ల మీద తర్వాతి బండి కోసం కూర్చుని, ఎవరు ఏ మాటకు మొహం ఎలా పెట్టారో నన్ను గుర్తు చెయ్యమనేవారు. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు నేను రేపల్లెలో పాఠాలు చెప్పుకుంటూ, పిలిచినచోటికి వెళ్ళి వాగుల గురించి, కాలువల గురించి మాట్లాడుతూంటాను. అదే ప్రశ్న అడుగుతాను, అలాగే కూర్చుంటాను. మా ఆయన బయట స్కూటరు మీద ఎదురుచూసి ఎదురుచూసి లోపలికొచ్చేస్తారు.

రిటైరయ్యాక మేడమ్ ఆరోగ్యం పాడైంది. నేను తెనాలి వెళ్ళినప్పుడల్లా మొదటి ప్రశ్న, "ఆ పిల్ల ఎలా ఉంది?" అనే. నెలనెలా భవానికి ఫోన్ చేసి, జ్వరం వచ్చిందా, తలనొప్పి ఉందా, చదివింది గుర్తుంటోందా అని అడిగేవారు. పిల్లకు మామూలు జలుబు చేసినా ఆవిడకు నిద్ర పట్టేది కాదు. ఆ మందు ఎన్నేళ్ళకైనా ఏదైనా చేస్తుందా అని కనిపించిన ప్రతి డాక్టర్నీ అడిగారు. అంత కొంచెం పడినదానికి సాధారణంగా ఏమీ ఉండదనే వాళ్ళన్నారు. సాధారణంగా అనే మాట ఆవిడకు చాలలేదు. చివరిసారి చూసినప్పుడు మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుని, "నా తర్వాత నువ్వు చెయ్యి విజయా. మానకు" అన్నారు. సరేనన్నాను. ఆవిడ పోయి నాలుగేళ్ళవుతోంది. నేను మానలేదు.

మొన్న ఆ ఆదివారం సాయంత్రమే ఫోన్ చేశాను. భవాని ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.  ఆ పిల్ల తీసింది. బాగున్నానంది. జ్వరమేమైనా వచ్చిందా, కళ్ళు సరిగ్గా కనిపిస్తున్నాయా అని ఎప్పటిలాగే అడిగాను. 

"ఆంటీ, ఒకటడగనా అండి?" అంది. "చిన్నప్పటి నించీ పెద్ద మేడమ్ గారు ఇయ్యే అడిగేవారు. ఇప్పుడు మీరడుగుతున్నారు. మా నాన్నని అడిగితే లేచి వెళ్ళిపోతాడు. నానమ్మ ఏడుస్తది. ఒంట్లో కాస్త నలతగా ఉంటే నేను ఎవరికీ చెప్పకుండా పడుకుంటన్నా. నాకేమవుద్దండి?"

ఏమీ కాదమ్మా అనడానికి నోరు తెరిచాను. అనేసి, చదువు గురించి నాలుగు మాటలడిగి, ఫోన్ పెట్టెయ్యడం ఎంత తేలిక. గోడ మీద బొమ్మ చూపించి వెళ్ళిపోయింది ఆ ఒక్క సాయంత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ పిల్లకు నెలనెలా చూపిస్తూనే ఉన్నామని, పన్నెండేళ్ళుగా ఆ పిల్ల ఒక్కతే ఆ గోడ ముందు కూర్చుని ఉందని నాకు తట్టనే లేదు. మేడమ్‌కు కూడా తట్టలేదు.

మంచం మీద కూర్చున్నాను. చెలమ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. వాళ్ళ నాన్న ఎందుకు పోశాడో, ఆటోలో ఏమన్నాడో కూడా చెప్పాను. డాక్టర్లు ఏమన్నారో, ఏది కచ్చితంగా చెప్పలేకపోయారో చెప్పాను. మధ్యలో ఆ పిల్ల ఆపి అడిగినవాటిలో కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. బుధవారం బాపట్ల వస్తానని, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళి అడుగుదామని అన్నాను.

"సరేనండి," అంది.  "నాకు భయమేస్తందండి."

"నాకూ వేస్తోందమ్మా," అన్నాను. "ఇప్పుడు ఫోన్ పెట్టాక ఏం చేస్తావు?"

ఆలోచిస్తున్నట్టుంది. నేను ఆగాను.

"నాన్న దగ్గరికెళ్ళి కూర్చుంటానండి," అంది.